సి షిఫ్టు పెళ్ళికొడుకు

మా పెళ్ళిపందిరికి కట్టిన మావిడాకులు ఇంకా పూర్తిగా ఎండనే లేదు, చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగింది. చోడవరంలో చెరకు సీజను మొదలైందంటే ఇక గోడగడియారాలతో పని లేదు. సైరన్ లెమ్మంటే లేవాలి, తినమంటే తినాలి. కె.కోటపాడులో మా నాన్నగారి కోళ్ళషెడ్డు పక్కన పెరిగిన నాకు ఆ మోత కొత్త, ఊరంతా కమ్ముకునే పాకం వాసన కొత్త, అన్నిటికంటే మా ఆయన కొత్త. మూడూ ఒక్కసారే వచ్చి మీద పడితే ఊరికే నవ్వుకుంటూ తిరగక ఏం చేస్తాను?

మా ఆయన పేరు శివాజీ. ఫ్యాక్టరీలో పాన్ మీద పని. పాన్ అంటే ఇల్లంత ఇనపపాత్ర. చెరకుపాకం అందులో ఉడికి చక్కెర పలుకు కడుతుంది. పలుకు ఎప్పుడు పుడుతుందో, ఎంత పెరిగేక దింపాలో కంటితో చూసి చెప్పేవాడే పాన్‌మన్. పోయిన మా మావగారు ఆ పనిలో పేరు పడ్డ మనిషి. మా ఆయన ఇంకా అంతవాడు కాలేదు. పాన్‌మన్ చేతికింద మనిషి, అదీ సీజను వరకే. గానుగ ఆగగానే ఇంటికి పొమ్మంటారు. ఈ ఏడు ఒక పాన్‌మన్ రిటైరవుతున్నాడు. ఆ చోటుకి శివాజీ పనికొస్తాడో లేదో సీజను ముగిసేలోగా తేలుస్తానని హెడ్ పాన్‌మన్ సత్యారావు గారు అన్నారు. మా అత్తగారు అచ్చియ్యమ్మ పొద్దున్నా సాయంత్రం దేవుణ్ణి అడిగేది ఆ ఒక్కటే.

ఇక మా అత్తవారింటి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. కొత్తజంట పడుకునే గదిలో ఉగాది దాకా రాత్రిపూట దీపం ఆరకూడదు. అత్తమ్మ కాపురానికి వచ్చినప్పుడు గూట్లో ఆముదం దీపం వెలిగేదట. నాకు సారెతో పాటు మా నాన్నగారు ట్యూబులైటు పంపేరు. మా వీధిలో పడగ్గదిలో ట్యూబులైటున్న ఇల్లు ఇంకోటి లేదు. అత్తమ్మ దాన్ని మంచానికి ఎదురుగా బిగింపించి, బొట్టు పెట్టి, స్విచ్చి నొక్కి, "ఉగాది దాకా దీని జోలికెల్లకండి," అంది.

"రాత్రంతానా అత్తమ్మా?"

"దీపమంటే రాత్రంతా కాదేటి మరి? ఇదైతే ఒత్తి ఎగదొయ్యక్కర్లేదు కూడానూ."

ఇంకేం చెప్పమంటారు! ఫోటోస్టూడియో అంత వెలుగులో మా కొత్తకాపురం. మా ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కుని, "గౌతమీ, నువ్వు నవ్వితే ఎదురింటోళ్ళకి పళ్ళు కనపడతాయే," అనేవారు. దాంతో నాకు ఇంకా నవ్వొచ్చేది.

ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులు. ఎ షిఫ్టు పొద్దున్న, బి షిఫ్టు మధ్యాహ్నం, సి షిఫ్టు రాత్రి. వారానికొకటి చొప్పున మారుతుంది. సి షిఫ్టు వారం నాకు పండగే. రాత్రంతా ఒంటరిగా ఉన్నా, తెల్లవారగానే సైకిలు బెల్లు వినపడేది. ఒళ్ళంతా పాకం వాసనేసుకుని వచ్చేవారు. ఆయన చొక్కా నానబెడితే బకెట్టు చుట్టూ చీమలు చేరేవి. వీధరుగు మీద లేత ఎండలో కూర్చునేవాళ్ళం. గ్లాసులో టీ, పొట్లంలో మాడుగుల హల్వా, ఇక కబుర్లే కబుర్లు. చెరకు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే ఏ లారీ ఏ ఊరిదో ఆయన చెప్పడం, నేను తప్పని వాదించడం. వెళ్ళి పడుకోండి అని నేనూ అనలేదు, నిద్రొస్తోంది అని ఆయనా అనలేదు.

తరవాత పడుకున్నా ఆయనకి నిద్ర పట్టేది కాదు. గది పైకప్పులో పెంకుల మధ్య ఒక అద్దం పెంకు ఉంది. మా మావగారు విశాఖపట్నం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి వేయించేరట. దానిలోంచి పలకంత ఎండ మంచం మీదికి దిగి, మెల్లగా పాకి, ఆయన మొహం మీద కూర్చునేది. ఆయన అటు తిరిగేవారు, ఇటు తిరిగేవారు, చివరికి లేచిపోయేవారు. పోనీ ఎ షిఫ్టు వారంలో రాత్రయినా పడుకున్నారా అంటే, ట్యూబులైటు కింద కళ్ళు తెరుచుకుని పెంకులు చూసేవారు. అన్నం సహించేది కాదు. పెళ్ళికి కుట్టించిన చొక్కా వదులైపోయింది.

జనవరి వచ్చిన కొద్దిరోజులకే, ఒకనాడు పొద్దున్న బెల్లు వినపడలేదు. ఆయన సైకిలు నడిపించుకుంటూ వచ్చేరు. వెనకే ఆయన స్నేహితుడు పరదేశి. ఇద్దరిదీ ఒకే పాన్.

"ఏమైంది అన్నయ్యా?" అన్నాను.

"ఏటవుద్ది సెల్లెమ్మా, నిలబడే నిద్దరోయేడు," అన్నాడు పరదేశి. "పాన్‌కి టయానికి పాకం అందివ్వలేదు. లోపల సిక్కబడిపోయి, పెద్ద పలుకు మజ్జిలో సన్న పలుకు పుట్టీసింది. అదంతా మళ్ళీ కరగబెట్టాలి."

మా ఆయన అరుగు మీద కూలబడ్డారు. "ఇంకోసారి ఇలాగైతే బస్తాల గోడౌనుకి పంపీస్తానన్నారు సత్యారావు గారు," అన్నారు. "అది కాదే నా బాధ. 'మీ నాన్న నిలబడ్డ చోట నిద్దరోతావేట్రా' అన్నారు," అన్నారు.

లోపల గుమ్మం దగ్గర అత్తమ్మ చేతిలోంచి చెంబు కింద పడింది.

ఆవిడ లెక్కలో ఇదంతా దిష్టి. "కొత్త పెళ్ళికొడుకని ఊరోళ్ళందరి కళ్ళూ పడ్డాయి," అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గేం. దగ్గీ దగ్గీ మా ఆయనకి ఉన్న కాస్త నిద్రా పోయింది.

నేను బి.ఎస్సీ. జువాలజీలో మార్కులు బాగానే వచ్చేయి గానీ, ఆ చదువుకి మా ఇంట్లో పని పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ మధ్యాహ్నం ఆయన మొహం మీదికి పాకుతున్న ఎండని చూస్తూ కూర్చున్నాను. మా నాన్నగారి షెడ్డు గుర్తొచ్చింది. శీతాకాలం పగళ్ళు పొట్టివైతే కోళ్ళు గుడ్లు తగ్గించేస్తాయి. అందుకని చీకటి పడ్డాక కూడా షెడ్డులో బల్బులు వేస్తాం. ఇంకా పగలే అనుకుని అవి హాయిగా గుడ్లు పెడతాయి. ఒక ఏడాది ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, కరెంటు రోజుకో వేళకి వచ్చి రోజుకో వేళకి పోయేది. కోళ్ళు గుడ్లు మానేసేయి. ఈకలు రాల్చుకుని, కళ్ళు తేలేసి, మూలమూలల నిలబడేవి. అచ్చం మా ఆయన లాగే!

ఒక్క ఉదుటున లేచేను. ఆయన ఎలాగూ మెలకువగానే ఉన్నారు.

"మీకు దిష్టి తగల్లేదండీ, వెలుగు తగిలింది," అన్నాను.

"ఏటే?"

"మనిషి తలకాయలో బఠాణీ గింజంత గ్రంథి ఒకటుంటుంది. చీకటి పడితే అది నిద్రకి సంబంధించిన రసాన్ని రక్తంలోకి వదులుతుంది. రాత్రిపూట కంటికి వెలుగు తగిలితే పగలనుకుని మానేస్తుంది. రాత్రంతా మీకు ఫ్యాక్టరీ లైట్లు. పొద్దున్న అరుగు మీద ఎండ. పడుకుంటే అద్దం పెంకు. రాత్రి ఇంట్లో ఉన్న వారం ట్యూబులైటు. పాపం ఆ గ్రంథికి ఇది పగలో రాత్రో ఎలా తెలుస్తుంది? మా కోళ్ళకీ ఇలాగే అయింది."

"అంటే నన్ను కోడినంటావు."

"కోడిపుంజు," అన్నాను.

చాలా రోజుల తరవాత ఆయన నవ్వేరు. నాకు ధైర్యమొచ్చింది. మనకి కావలసినప్పుడు రాత్రిని మనమే తయారు చేసుకుందాం అన్నాను. పగలు గది కటిక చీకటి చేస్తాను, రాత్రి మీరు మంచి లైటు కింద నిలబడి పని చెయ్యండి, పొద్దున్న కళ్ళకి ఎండ తగలకుండా ఇల్లు చేరండి అన్నాను. ఆయన అన్నిటికీ తలూపుతున్నారు. అసలు మాట అప్పుడు చెప్పేను.

"కానీ వారానికోసారి షిఫ్టు మారితే లాభం లేదు. ఒళ్ళు ఒక వేళకి అలవాటు పడేలోగా ఇంకో వేళ వచ్చేస్తోంది. సీజను అయ్యేదాకా సి షిఫ్టే ఇమ్మని అడగండి."

"సీజనంతా రాత్రి షిఫ్టా?" ఆయన లేచి కూర్చున్నారు. "కొత్త పెళ్ళికొడుకునే నేను!"

"తెలుసు. ఆ పెళ్ళి నాతోనే అయింది."

నవ్వుతూనే అన్నాను గానీ చేతులు మాత్రం కొంగుకి మడతలు పెడుతున్నాయి. ఆయన ఆ మడతల్నే చూస్తూ, "సరే, అడుగుతాను," అన్నారు.

ఫ్యాక్టరీలో అడగడమే ఆలస్యం, ఇచ్చేసేరు. సి షిఫ్టు ఎవరికీ వద్దు. పరదేశి అయితే తన సి షిఫ్టులు తగ్గుతాయని సంతోషం పట్టలేక ఊరంతా చాటేసేడు. మర్నాటికల్లా కుళాయి దగ్గర నన్ను చూసి ఆడవాళ్ళు గుసగుసలు. శివాజీకి పెళ్ళాం మీద మోజు తీరిపోయిందట. కాదు, పెళ్ళాం నోటికి దడిసి రాత్రిళ్ళు ఫ్యాక్టరీలో దాక్కుంటున్నాడట. అవన్నీ అత్తమ్మ చెవిన పడ్డాయి.

"ఓలమ్మో, ఇదేటి సదువే!" బిందె దించకుండానే మొదలెట్టింది. "కొత్తగా కాపురానికొచ్చిన గుంట మొగుణ్ణి రాత్రిళ్ళు బయటికి తోలీడమేటి? ఎక్కడైనా ఉందేటి?"

"మా నాన్నగారి షెడ్డులో..."

"మావోడు గుడ్లెట్టాలేటి?"

"గుడ్లొద్దత్తమ్మా. పాన్‌మన్ అయితే చాలు."

ఆ మాటకి ఆవిడ బిందె దించింది. అదే సందు అనుకుని ట్యూబులైటు మాట కూడా ఎత్తేను. "ఆనవాయితీ దీపానికి గానీ ట్యూబులైటుకి కాదు కదత్తమ్మా. మీ గూట్లో వెలిగిన ఆముదం దీపం ఇంకా ఉందా?"

సాయంత్రం చూద్దును కదా, ఆవిడ పెరట్లో కూర్చుని చింతపండుతో ఒక చిన్న ఇత్తడి ప్రమిదని తోముతోంది, అది బంగారమైపోవాలన్నట్టు. ట్యూబులైటు ముందుగదిలోకి మారింది. ఆయన సాయంత్రం లేచేక దాని కిందే భోజనం, దాని కిందే పేపరు. నిద్రమత్తు వదలడానికి అది భలే పనికొచ్చింది. రాత్రి పడగ్గదిలో ప్రమిద వెలిగేది. దానికి తోడు నేను.

కిటికీకి పాత గొంగళి, తలుపు సందులకి గోనెసంచి ముక్కలు. అనకాపల్లి వెళ్ళి దొరికినవాటిల్లోకెల్లా నల్లటి కళ్ళద్దాలు కొనుక్కొచ్చేను. సి షిఫ్టు అయి గేటు దాటేటప్పుడే పెట్టుకోవాలని షరతు. సూర్యుడు కొండ మీదికి రాకముందే నల్ల కళ్ళద్దాలతో సైకిలు తొక్కే మనిషిని చూసి బళ్ళవాళ్ళు చెరకు బళ్ళు ఆపి మరీ నవ్వేవారట.

"ఒరే శివాజీ, షూటింగెక్కడరా?" అని పరదేశి అరిస్తే, "మీ ఇంటెనకాల," అని ఈయన తొక్కుకుంటూ వచ్చేసేవారట.

అరుగు మీద టీ ఆగిపోయింది. ఆ నియమం పెట్టింది నేనే, అందరికంటే కష్టమైందీ నాకే. ఆయన వచ్చేసరికి గడప లోపలే నిలబడి, చేతికి గంజి గ్లాసు ఇచ్చి, నాలుగు మాటలు మాట్లాడి, గది తలుపు మూసేసేదాన్ని. బయట ఎండ, లారీలు, కబుర్లన్నీ ఉండేవి, వినేవాళ్ళే లేరు. వారానికొక రాత్రి సెలవు ఉండేది. ఆ రాత్రి కూడా మీరు మేలుకునే ఉండాలి, లేకపోతే ఒళ్ళు మళ్ళీ తడబడుతుంది అని శాస్త్రం చెప్పేను. ఆ ఒక్క శాస్త్రం మీద మా ఆయన ఎన్నడూ ప్రశ్న వెయ్యలేదు.

అంతా బాగానే ఉంది, ఒక్క అద్దం పెంకే మిగిలింది. దాన్ని కప్పుతానంటే అత్తమ్మ ససేమిరా అంది.

"అది మీ మావ తెచ్చినాడు. ఇంట్లోకి ఎలుగు రావాలని తెచ్చినాడు. దానిమీద సెయ్యేస్తే నానూరుకోను."

నేను మళ్ళీ అడగలేదు. ఆయన మాత్రం ఆ ఎండ మొహానికి చేరేదాకా పడుకుని, అది రాగానే లేచిపోయేవారు. కళ్ళల్లో ఎరుపు సగమే తగ్గింది. ఒకరోజు గంజి తాగుతూ తాగుతూ గ్లాసు జారవిడిచేరు. నేను తుడుస్తుంటే అత్తమ్మ ఆ తడి నేలనీ, కొడుకునీ మార్చి మార్చి చూసింది.

రెండు రోజులాగి, నేను సంతకి వెళ్ళి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేసింది. ఆయన ఈపాటికి లేచి ఉంటారనుకుని తలుపు కొంచెం తోసేను. ఏమీ కనపడలేదు. మంచం లేదు, గోడ లేదు, అంతా నలుపు. ఆ నలుపులోంచి గుర్రు మాత్రం వినిపిస్తోంది. మా పెళ్ళయ్యేక ఆయన గుర్రు వినడం అదే మొదటిసారి. అంత కమ్మటి చప్పుడు నేనెక్కడా వినలేదు.

పెరట్లోకి వెళ్ళేను. చూరుకి నిచ్చెన వేసి ఉంది. అత్తమ్మ గోలెం దగ్గర మోచేతుల దాకా అంటిన పేడ కడుక్కుంటోంది.

"పైకెక్కేరా అత్తమ్మా?"

"పెంకు మీద కాకి రెట్టేసింది. అలికేను."

"పేడతోనా?"

"మరి దేంతో అలుకుతారేటి?" చెయ్యి విదిలించి, కొంగుతో తుడుచుకుని, ఆవిడ పైకప్పు వైపు చూసింది. "మీ మావ కూడా పగటేళ తొంగుంటే ఆ ఎండకి కసిరేవోడు. తెచ్చింది తానే కదాని నాను నవ్వీదాన్ని." తరవాత నావైపు తిరిగి, గొంతు పెంచకుండా, "నిచ్చెన తీసీ. బేగి. సప్పుడవకుండా," అంది.

అప్పట్నుంచీ ఆ గదికి కాపలా ఆవిడదైంది. పిండిమరకి వెళ్ళేవాళ్ళని పక్కసందులోంచి వెళ్ళమనేది. అరుగు మీద కాకి వాలితే దానితో కూడా గుసగుసగానే దెబ్బలాడేది. పేడ పగిలిందేమోనని రోజూ నిచ్చెనెక్కి చూసుకునేది. మా ఆయన ఒళ్ళు మెల్లగా దారికొచ్చింది. సాయంత్రం లేస్తూనే ఆకలనేవారు. బుగ్గలు మళ్ళీ నిండేయి. రాత్రి పాన్ దగ్గర కూడా తక్కిన వాళ్ళు నీడపట్టున కునుకు తీస్తుంటే, ఈయన లైటు కింద నిలబడి గాజుపలక మీద పాకం చుక్కేసి చూస్తున్నారని పరదేశి చెప్పేడు. ఈసారి వెటకారం లేకుండానే చెప్పేడు.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్న ఆయన కళ్ళద్దాలు తియ్యకుండానే లోపలికొచ్చి, జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసేరు.

"సత్యారావు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రాత్రి పాన్ మొదట్నుంచీ చివరిదాకా నేనొక్కణ్ణే ఉడికించి దింపేను," అన్నారు.

పొట్లం విప్పి అరచేతిలో పోసుకున్నాను. ఆ మసక చీకట్లో కూడా పలుకులు తెలుస్తున్నాయి. చిన్నా పెద్దా లేవు, అన్నీ ఒక్కలాంటివే, అచ్చు పోసినట్టు. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చేయి. అత్తమ్మ నాలుగు పలుకులు నోట్లో వేసుకుని, చాలాసేపు చప్పరించి, "తియ్యగానే ఉంది," అంది. ఆ పూట ఆవిడ కుళాయికి వెళ్ళి గంట దాకా తిరిగి రాలేదు. బిందె మాత్రం ఖాళీగానే తెచ్చింది.

ఉగాదికి ముందు, మిట్టమధ్యాహ్నం, మా ఇంటి ముందు స్కూటరు ఆగింది. దిగింది సత్యారావు గారు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికే అత్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"శివాజీ ఉన్నాడేటమ్మా?"

"ఉన్నాడు బాబూ. తొంగున్నాడు."

"లేపు. మంచి కబురు. పైవాళ్ళు ఒప్పుకున్నారు. వచ్చే సీజను నుంచి మీవోడు పాన్‌మన్. పర్మనెంటు."

అత్తమ్మ గుమ్మం పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. సత్యారావు గారు ఆవిడని దాటి, "ఒరే శివా..." అని పిలవబోయేరు. ఆవిడ చెయ్యి చటుక్కున అడ్డం వచ్చింది.

"అరవకు బాబూ."

"అచ్చియ్యమ్మా, ఉజ్జోగం కబురమ్మా!"

"ఇన్నాను. నీకు పున్నెముంటాది. ఉజ్జోగం సాయంత్రానికి కూడా ఉంటాది కదేటి? కూకుంటే టీ ఇత్తాను. లేపడం మాత్రం అవ్వదు."

సత్యారావు గారు నావైపు చూసేరు. నేనేం చెయ్యను? గది తలుపు తోసుకుని వెళ్ళి మా ఆయన్ని కుదిపి కుదిపి చెప్పాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది. అయినా అత్తమ్మ పక్కన నిలబడి, "అవునండీ, పడుకున్నారు," అన్నాను. సత్యారావు గారు నవ్వుకుంటూ వెళ్ళి స్కూటరు కిక్కు మీద కాలేసి, అత్తమ్మ మొహం చూసి, కాలు తీసేసేరు. పాపం, వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్ళేరు.

ఇక మా అవస్థ చెప్పలేను. ఇద్దరం గది తలుపు ముందు చతికిలబడ్డాం. లోపల గుర్రు, బయట మేం.

"ఒకవేళ లేస్తే..." అని నేను గొణిగేను.

"లెగనియ్. దానంతట అదే లెగాలి నిద్దర," అని ఆవిడ గొణిగింది.

"నేను పోనీ దగ్గుతాను అత్తమ్మా, చిన్నగా."

"దగ్గేవంటే సూడు."

ఫ్యాక్టరీ సైరన్ మోగితే ఆవిడ ఆ దిక్కుకి తిరిగి కళ్ళెర్రజేసింది. నాకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. నన్ను చూసి ఆవిడా కొంగు కుక్కుకుంది. అలా ఎంతసేపు కూర్చున్నామో, నీడ గడప దాటి వాకిట్లోకి వచ్చింది.

చివరికి లోపల మంచం కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. మా ఆయన నిండుగా నిద్రపోయిన మొహంతో, చెంప మీద దిండు మడత అచ్చుతో, కళ్ళు చికిలించుకుని నిలబడ్డారు.

"ఏటి, ఇద్దరూ గుమ్మంలో కూకున్నారు? ఎవరైనా వచ్చేరేటి?"

నేను అత్తమ్మ వైపు చూసేను. ఎన్నేళ్ళుగానో ఆవిడ దేవుణ్ణి అడుగుతున్న మాట అది. "మీరే చెప్పండి," అన్నాను.

ఆవిడ గోడ పట్టుకుని లేచింది, చీర సర్దుకుంది, కొడుకుని కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"ముందెల్లి మొకం కడుక్కోండి, పాన్‌మన్ గారూ," అంది.